ఒక బార వెడల్పులో మనిషి: పనిచోట ఫొటో తీయడం ఎలా

రెండు చేతులూ బార్లా చాపినప్పుడు ఒక వేలికొస నుంచి రెండో వేలికొస వరకు ఉండే దూరాన్ని బార అంటాము. వల తాడు పొడవును, పాయలో నీటి లోతును చెప్పడానికి గోదావరి తీరంలో వాడే కొలత ఇది. పనిచేసుకునే మనిషిని ఆయన పనిచోటులోనే ఫొటో తీయాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఈ కొలత గురించే. మగ్గంలో దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నేతగాడి నాడె, లేసు అల్లే ఆమె ఒడిలోని నూలు ఉండ, కొబ్బరికాయలు వలిచే వ్యక్తి ముందు పాతిన గునపం, పడవ నడిపేవారి గెడ, ఇవన్నీ ఆ బారలోపలే ఉంటాయి. చేయి చాపితే అందేటంత దూరంలో ఎవరు ఏమి పెట్టుకున్నారో చూస్తే వారి రోజంతా ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది. ముఖంతో పాటు ఆ బార వెడల్పు కూడా చెక్కుచెదరకుండా ఫొటోలోకి రావాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా దాని కోసమే.

మనిషిని, పరిసరాన్ని కలిపి తీసే ఈ పద్ధతికి పేరు తెచ్చినవారిలో అమెరికా ఫొటోగ్రాఫరు ఆర్నాల్డ్ న్యూమన్ ముఖ్యులు. 1946లో ఆయన సంగీతకర్త స్ట్రావిన్‌స్కీని తీసిన ఫొటోలో పైకెత్తిన పియానో మూత ఫ్రేములో ఎక్కువ భాగం ఆక్రమించి ఉంటుంది, మనిషి ఒక మూలన తలకు చేయి ఆనించుకుని చిన్నగా కనిపిస్తారు. మరో అమెరికా ఫొటోగ్రాఫరు ఇర్వింగ్ పెన్ దీనికి ఎదురు దారిలో వెళ్లారు. 1950, 1951 సంవత్సరాల్లో ఆయన పారిస్, లండన్, న్యూయార్క్ నగరాల్లోని చేతిపనివారిని పనిముట్లతో సహా స్టూడియోకు పిలిపించి, ఏమీ లేని తెర ముందు నిలబెట్టి తీశారు. అవీ గొప్ప ఫొటోలే. కాని మన డెల్టాలో పని నీటితో, గట్టుతో, చెట్టుతో, వసారాతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇక్కడ వెనుక తెర కట్టడమంటే సగం మనిషిని బయట వదిలేసి రావడమేనని నా అభిప్రాయం.

ముందుగా ఒక్క పనిని ఎంచుకోండి

ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన గోదావరి సముద్రంలో కలిసేలోపు ఎన్నో వృత్తులకు చోటిచ్చింది. ఒకే రోజులో అన్నీ చుట్టి రావాలనుకుంటే ఏ ఒక్కరి దగ్గరా అరగంట నిలవలేరు. కాబట్టి ఒక పనిని, వీలైతే ఒక ఊరిని, ఇంకా వీలైతే ఒకే మనిషిని ఎంచుకోండి.

ఎంచుకున్న పనికి కాలమేదో ముందే తెలుసుకోవాలి. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఇక్కడి పనులు కాలువకు నీరు వదిలే రోజును బట్టి నడుస్తున్నాయి. జూన్‌లో నీరు వస్తే తొలి పంట సార్వాకు నారుమళ్లు, జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పిళ్లు, ఆ వెంటనే రెండో పంట దాళ్వా వస్తాయి. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. అందుచేత కాలువ రేవులో బట్టలుతికేవారిని తీయాలని మే నెలలో బయలుదేరితే అడుగంటిన బురదే ఎదురవుతుంది. కొబ్బరి దింపు ఏడాది పొడవునా ఉంటుంది గాని, ఒక తోటకు దాదాపు రెండు నెలలకోసారి వస్తుంది కాబట్టి తప్పిపోతే మళ్లీ అంతకాలం ఆగాలి. గుంట మగ్గాల ఇళ్లకు మంచి వానల్లో వెళ్లకండి. గుంటలోకి నీరు ఊరి పని ఆగిపోయి ఉంటుంది, ఆ సమయంలో వారికి మీ కెమెరాతో మాట్లాడే ఓపిక ఉండదు.

కెమెరాను సంచిలోనే ఉంచే రోజు

మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా బయటికి తీయకండి. పనికి అడ్డురాని చోట ఒక గంట కూర్చుని చూడండి. చూసేటప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఏ చేయి ఎక్కువ పని చేస్తోంది, బారలోపల ఏమేమి ఉన్నాయి, వెలుగు ఎటు నుంచి వస్తోంది, తల ఎప్పుడు పైకి లేస్తోంది. చివరిదే అన్నిటికన్నా విలువైనది.

ఒక తోటలో కొబ్బరికాయల వలుపు దగ్గర చూసిన దానిని చెబుతాను. నేలలో నిలిపిన ఇనప గునపం మొనకు కాయను దిగవేసి, ఒంటి బరువంతా మణికట్ల మీదికి తెచ్చి ఒక్క తిప్పు తిప్పుతారు. రెండు మూడు తిప్పులకు డొక్క ఊడిపోయి కాయ బయటపడుతుంది. ఆ సేపంతా ముఖం కిందికే వంగి ఉంటుంది, తలకు చుట్టిన తువ్వాలు నీడలో కళ్లు కనిపించవు. ఒలిచిన కాయను రాశి మీదికి విసిరినప్పుడు మాత్రం అది ఎక్కడ పడుతుందో చూడడానికి తల లేస్తుంది, ఒక్క క్షణం ముఖం నిండా వెలుగు పడుతుంది, చేయి ఇంకా గాలిలోనే ఉంటుంది. మీరు తీయవలసిన ఫొటో అదే. గంటసేపు ఊరికే కూర్చున్నవారికి ఆ క్షణం కొన్ని డజన్లసార్లు కనిపిస్తుంది, వచ్చీ రాగానే కెమెరా ఎత్తినవారికి వంగిన నడుము మాత్రమే దొరుకుతుంది.

అదే తోటలో నేను చేసిన ఒక తప్పు నాకు ఈ నాటికీ మనసులో ఉంది. ఫొటో శుభ్రంగా రావాలని, చెట్టు మొదలు దగ్గర ఉన్న అన్నం క్యారేజీని, దాని మీద కప్పిన పాత కండువాను, నీళ్ల సీసాను, వలుపు చేస్తున్న ఆయన్ను అడగకుండానే పక్కకు జరిపాను. నెల తరువాత అచ్చు వేయించి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూసి, “బాగుందండి. నా క్యారేజీ ఏదండి?” అని అడిగారు. ఆ క్యారేజీని తెల్లవారకముందే లేచి భార్య సర్ది ఇస్తుంది, పొద్దు ఎక్కేదాకా అది ఆయన కంటి ముందే ఉంటుంది. నా కంటికి చెత్తగా తోచినది ఆయన బారలో అన్నిటికన్నా దగ్గరి వస్తువు. ఆ రోజు నుంచి ఎదుటివారి బారలోపలి దేనినీ నేను కదపలేదు. మీరూ కదపకండి. ఏదైనా మరీ అడ్డుగా ఉంటే మీరు ఒక అడుగు పక్కకు జరగండి.

అడగడం

ఎవరినైనా ఫొటో తీసేముందు అడగాలి. మన ప్రాంతంలో అడగడం కంటే జవాబును అర్థం చేసుకోవడం కష్టం. గోదావరి జిల్లాల మర్యాద ఎలాంటిదంటే, మనసులో ఇష్టం లేకపోయినా “ఆయ్, తీసుకోండి, దానికేముందండి” అనేస్తారు. కాబట్టి మాటను వినడంతో సరిపెట్టుకోకుండా చేతులను చూడండి. ఆమె పైట మాటిమాటికీ సర్దుకుంటున్నా, ఆయన అంతవరకు చెబుతున్న కబురు ఆపేసి చూపు తిప్పుకున్నా, ఇంటి పెద్ద వైపు ఒకసారి చూసి తలవంచుకున్నా, అది వద్దనడమే. అప్పుడు కెమెరా దించి, మాట కొనసాగించి, టీ తాగి వచ్చేయండి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల మాట, రొయ్యల చెరువు, ఇటుకబట్టీ వంటి చోట్ల పనివారి మాటతో పాటు యజమాని మాట కూడా తీసుకోవాలి. లేకపోతే మీరు వెళ్లిపోయాక మాట పడేది ఆ పనివారే.

వయసును బట్టి బాబాయిగారూ, పిన్నిగారూ, అమ్మా, తమ్ముడూ అని పిలవండి. ఎవరి తరపున వచ్చారో, ఫొటో ఏమి చేస్తారో రెండు వాక్యాల్లో చెప్పండి. ఇంటర్నెట్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి. ఫొటోకు ఒప్పుకున్నవారందరూ పదిమందికి కనిపించడానికి ఒప్పుకున్నట్టు కాదు.

ఇంకొక సంగతి. ఊడ్పుల్లో ఆడవారి జట్లు తరచు ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకుంటాయి, వలుపుకు కూలి కాయల లెక్కన ఉంటుంది. మీ కోసం పని ఆపితే వారికి ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. అందుకని పనిలో ఉన్నవారిని ఆగమనకండి, ఇటు చూడమనకండి. నిలబడి తీయించుకునే ఫొటోలు కావాలంటే చద్దన్నం వేళ, టీ వేళ, గట్టెక్కి కాళ్లు కడుక్కునే వేళ అడగండి.

“ఫొటో” అనగానే చాలామంది లోపలికి వెళ్లి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిటారుగా నిలబడతారు. కొత్తగా తీసేవారు ఇక్కడే నిరాశపడి, “అలా వద్దండి, మామూలుగా ఉండండి” అంటారు. అలా అనకండి. ముందు ఆ నిటారు ఫొటోనే శ్రద్ధగా తీయండి, ఎందుకంటే ఆ ఇంటి గోడకు ఎక్కేది అదే. అది తెరమీద చూపించిన తరువాత వారి భుజాలు కిందికి దిగుతాయి. కాసేపటికి వారే చొక్కా విప్పి కొయ్యకు తగిలించి పనిలో కూర్చుంటారు. మీ ఫొటో అప్పుడు మొదలవుతుంది.

వెలుగు

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. అంటే డెల్టాలో గడియారం పన్నెండు చూపేసరికి సూర్యుడు కూడా దాదాపు నడినెత్తికి వచ్చి ఉంటాడు. మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నవేళ మనిషి నీడ కాళ్ల కిందే పడుతుంది, కనుగూళ్లు నల్లటి గుంటల్లా వస్తాయి. బయట తీసేటప్పుడు పొద్దున్న తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తరువాత తీయాలనే మాట అందుకే. వేసవిలో ఐదున్నరకే తెల్లవారుతుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. పుష్య మాసపు మంచులో ఏడున్నర దాకా గట్ల మీద వెలుగు పాలలా పరచుకుని ఉంటుంది, ఏ నీడా గట్టిగా పడదు. ముఖాలకు అంతకన్నా మంచి వెలుగు నేను చూడలేదు.

మధ్యాహ్నం ఇళ్ల లోపలికి వెళ్లండి. నడుమ ఆకాశానికి తెరిచి, నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉండే మండువా లోగిలి కోనసీమ ఊళ్లలో ఇంకా అక్కడక్కడ మిగిలి ఉంది. వసారాలో మండువా అంచున, ఆకాశం వైపు ముఖం ఉండేలా కూర్చుంటే పై నుంచి వచ్చే వెలుగు గోడల మీద తిరిగి మెత్తబడి ముఖం మీద పడుతుంది. మీరు పక్క వసారాలో నిలబడి ఏటవాలుగా తీయండి. మండువా లేని ఇంట్లో చూరు నుంచి రెండు మూడడుగులు లోపలగా, వీధి వైపు ముఖం పెట్టి కూర్చున్నా దాదాపు అలాంటి వెలుగే దొరుకుతుంది. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లేవారు అరుగుల మీద కూర్చునేది కూడా సన్నని కుట్టు కనిపించే వెలుగు కోసమే కాబట్టి, వారు ఎంచుకున్న చోటునే మీరూ నమ్మవచ్చు.

డెల్టాలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులు రెండున్నాయి. మొదటిది కొబ్బరితోటల పచ్చదనం. ఆకుల్లోంచి వడకట్టి వచ్చే వెలుగు ఆకుపచ్చగా ఉంటుంది, కింద గడ్డి కూడా దానినే తిరిగి పైకి కొడుతుంది, చివరికి మనుషుల చర్మం జబ్బుచేసినట్టు వస్తుంది. నీలం టార్పాలిన్ పందిరి కింద ఇదే నీలంగా జరుగుతుంది. తెల్ల తువ్వాలునో కాగితాన్నో అదే వెలుగులో పట్టించి దాని మీద కెమెరా వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటు) సరిచేసుకోండి. ఫోనుతో తీసేవారు తోట అంచుకు, అంటే ఒక పక్క నుంచి ఆకాశపు వెలుగు వచ్చే చోటికి జరిగితే చాలు. రెండోది నీటి మెరుపు. వెనుక కాలువో చెరువో ఉంటే కెమెరా ఆ మెరుపును లెక్కలోకి తీసుకుని ముఖాన్ని నల్లగా చేస్తుంది. వెలుగును ఎప్పుడూ ముఖాన్ని బట్టి కొలవండి. ఫోనులో ముఖం మీద వేలు నొక్కి పట్టి, అక్కడే వెలుగును స్థిరపరచండి. నీరు కాస్త తెల్లబారితే నష్టం లేదు.

దూరం, లెన్సు

ఫుల్ ఫ్రేము (పాత ఫిల్ము అంత పెద్ద సెన్సారు ఉన్న) కెమెరాకు 35 ఎంఎం లెన్సు పెట్టి, మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడితే అడ్డంగా రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. అది దాదాపు ఒక బార, మరో జానెడు చోటు. ఈ పనికి నేను మరో లెన్సు వాడకపోవడానికి కారణం ఇదే. చిన్న సెన్సారు కెమెరాలకు 23 ఎంఎం అదే పని చేస్తుంది. ఫోను ప్రధాన కెమెరా అయితే ఒకటిన్నర మీటరు దూరం చాలు. ఫోనులో ఉండే మరీ వెడల్పు కెమెరాను మాత్రం వాడకండి, అంచుల్లో ఉన్న తల, చేయి సాగిపోతాయి. దూరం నుంచి లాగి తీసే పొడవాటి జూమ్ లెన్సులు కూడా వద్దు, అవి బారను తెంచి ముఖాన్ని ఒక్కదాన్నే లాక్కొస్తాయి. పైగా అంత దూరం నుంచి తీసేవారు మాట్లాడలేరు.

వెనకంతా మసకబారి ముఖం ఒక్కటే తేటగా వచ్చే ఫొటోలు చూడడానికి ఇంపుగా ఉంటాయి, కాని అవి ఇక్కడ పనికిరావు. 35 ఎంఎం లెన్సుతో రెండు మీటర్ల దూరంలో లెన్సు రంధ్రాన్ని బాగా తెరిచి ఎఫ్/2 పెడితే తేటగా వచ్చే లోతు సుమారు 40 సెంటీమీటర్లు, రంధ్రాన్ని తగ్గించి ఎఫ్/5.6 పెడితే అది సుమారు 1.2 మీటర్లు అవుతుంది. కళ్ల నుంచి ఒడిలోని పని దాకా, పక్కన ఉన్న పనిముట్టు దాకా తేటగా రావాలంటే ఈ రెండోదే కావాలి. ఫోనులో వెనకను మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. కూర్చుని మాట్లాడేవారికి షట్టరు 1/125 సెకను తెరుచుకుంటే చాలు, కదిలే చేతులకు 1/250, విసురు వల గాలిలో విచ్చుకునేటప్పుడు 1/1000 కావాలి. వసారాల్లో ఐఎస్ఓను (వెలుగును కెమెరా అందుకునే చురుకును) 1600 వరకు పెంచడానికి సందేహించకండి, కొంచెం గరుకు కనిపించినా పరవాలేదు.

కెమెరా ఎత్తు ఎదుటివారి కళ్ల ఎత్తులో ఉండాలి. నేల మీద కూర్చునే పనులే ఇక్కడ ఎక్కువ కాబట్టి మీరు కూడా నేల మీద కూర్చోవాలి, బురదలో దిగాలి. గట్టు మీద నిలబడి ఊడ్పుల్లోని ఆడవారిని పై నుంచి తీస్తే వరసగా వీపులు మాత్రమే వస్తాయి. చేనులోకి దిగి, నీటికి మూరెడు ఎత్తులో కెమెరా పట్టుకుంటే నారుకట్ట పట్టిన చేయి, వంగిన ముఖం, నీటిలో వారి నీడ, మూడూ ఒకే ఫ్రేములో పడతాయి. దిగేముందు రైతును అడగండి, అప్పుడే నాటిన వరసల్లో కాలు పెట్టకండి.

ఫ్రేము కట్టేటప్పుడు నాలుగు అంచులనూ ఒకసారి చుట్టి చూసుకోండి. మణికట్టు దగ్గర చేయి తెగకూడదు, పనిముట్టు కొస బయటికి పోకూడదు. కాలువ గట్టు గీత మెడ మీదుగా పోతే తల తెగినట్టు ఉంటుంది, మోకాలు కాస్త వంచితే ఆ గీత భుజాల కిందికి పోతుంది. తల వెనుక నుంచి కొబ్బరి మట్ట మొలిచినట్టు రాకుండా ఒక అడుగు పక్కకు వేయండి.

ఒక పూతరేకుల ఇంట్లో

ఇంతవరకు చెప్పినదంతా ఒక చోట ఎలా కలుస్తుందో చూపిస్తాను. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది, అంతకు ముందు నుంచే ఆ ఊరికి కెమెరాలు వస్తున్నాయి. నేను వెళ్లిన ఇంట్లో రేకులు తీసే ఆమె కెమెరాను చూడగానే గుడ్డను కుండ మీద పరిచి, చేయి అలాగే ఆపి, నా వైపు చూసి నవ్వారు. వచ్చినవారందరూ అడిగేది అదే కాబట్టి నేను అడగకముందే ఆమె ఇచ్చారు. అది తీసుకుని, తరువాత కింద కూర్చుని, పనిని దాని మానాన సాగనిచ్చాను.

బోర్లించిన కుండ, దాని లోపల ఎండు కొబ్బరాకు మంట. కుడిపక్క పలుచని బియ్యప్పిండి నీళ్ల గిన్నె, ఎడమపక్క తీసిన రేకుల దొంతర, మోకాలి దగ్గర చేతికందేలా కొబ్బరాకు మోపు. తడి గుడ్డను రెండు చేతులా పట్టి కుండ వీపు మీదుగా లాగుతారు, గుడ్డ పైకి రాగానే కుండ మీద తెల్లని పొర మిగిలిపోతుంది, దాని అంచును వేలికొసతో లేపి రేకును మొత్తంగా ఎత్తి పక్కన వేస్తారు. ఇదంతా కొన్ని సెకన్ల పని. మధ్యలో ఒకసారి, మంట తగ్గినప్పుడు, కళ్లు పొగకు చికిలించుకుని ఆకు అందుకుంటారు.

ముందు వైపు నుంచి వెలుగు పడితే రేకు మామూలు తెల్ల కాగితంలా కనిపిస్తుంది. గుమ్మం ఆమెకు వెనుకగా, ఒక పక్కగా ఉండేలా నేను చోటు మార్చుకుని కూర్చున్నాక, ఎత్తిన రేకులోంచి వెలుగు దూసుకొచ్చి ఆమె నాలుగు వేళ్ల నీడ రేకు మీద కనిపించింది. పొర ఎంత పలుచనిదో ఆ వేళ్లే చెప్పాయి. ఎఫ్/4, 1/250 సెకను, ఐఎస్ఓ 3200 పెట్టి, రేకు ఎత్తే ప్రతిసారీ ఒక్కొక్కటి చొప్పున ఇరవై దాకా తీశాను. వాటిలో పనికొచ్చింది ఒకటి: ఒక చేత్తో రేకు ఎత్తి, రెండో చేయి ఇంకా ఆకు మోపు వైపు చాపి ఉన్నది. ఆమె బార మొత్తం అందులో ఉంది. పొగ బాధ తగ్గుతుందని ఫ్యాను వేయమని, తలుపులు బార్లా తీయమని అడగకండి. గాలి తగిలితే మంట ఒరిగిపోతుంది, రేకు చిరిగిపోతుంది. మీకు ఆ పొగ అరగంటే, ఆమెకు రోజంతా.

బండారులంక వంటి ఊళ్లలో గుంట మగ్గం దగ్గర కూడా పద్ధతి ఇదే, కొలతలు కొంచెం మారతాయి. నేతగాడు నేల మట్టానికి కూర్చుని కాళ్లు గుంటలో పెట్టుకుంటారు కాబట్టి ఆయన కళ్లు మీ మోకాలి ఎత్తుకు కొంచెం పైన ఉంటాయి. మగ్గం చివరన, పడుగు (నిలువు దారాల) పొడవునా చూస్తూ కూర్చుంటే దారాలన్నీ ఆయన వైపుకే పరుగెత్తి చూపును ముఖం దగ్గరికి తీసుకుపోతాయి. నాడె పోతున్నప్పుడు కళ్లు దాని వెంట పోతాయి, పేక (అడ్డదారం) దెబ్బ పడ్డాక ఒక్క క్షణం నిలుస్తాయి. ఆ దెబ్బ శబ్దాన్ని లెక్కపెట్టుకుంటూ షట్టరు నొక్కండి. పడుగు మీద చేయి ఆనించకండి, దారం తెగితే అతకడానికి ఆయనకు చాలాసేపు పడుతుంది.

రేవుల్లో, నది దాటించే పంట్ల మీద, అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డున తీసేవారు కెమెరా సంగతి కూడా చూసుకోవాలి. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పట్టి అరగంట పనికిరాకుండా పోతుంది, అందుకని బయలుదేరేటప్పుడే సంచిని వెనక డిక్కీలో ఉంచండి. ఉప్పుగాలి తగిలిన రోజు సాయంత్రం కొంచెం తడిపిన మెత్తని గుడ్డతో కెమెరా పైభాగం తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూసిపెట్టండి. డెల్టా తేమలో లెన్సు లోపల బూజు పట్టడానికి ఒక వానాకాలం చాలు.

ఇంటికి వచ్చాక

ఫొటోలు సరిదిద్దేటప్పుడు చర్మాన్ని తెల్లబరచకండి. ఫోనుల్లో అందంగా చూపే సదుపాయం తనంతట తానే ముడతలు చెరిపేస్తుంది, దానిని తీసే ముందే ఆపేయాలి. ఎండలో పనిచేసిన మనిషి రంగు ఆ మనిషిదే. నీడలో ముఖం మరీ మునిగిపోతే నీడను కొంచెం లేపండి, అంతే. వరిచేల పచ్చదనాన్ని పెంచితే పక్కనున్న ముఖం వెలవెలబోతుంది, కాబట్టి దాన్ని ఉన్నదాని కన్నా కాస్త తగ్గించినా మంచిదే.

ప్రతి ఫొటో కింద తేదీ, ఊరు, పని రాసిపెట్టుకోండి. పేరు వారు ఒప్పుకుంటేనే రాయండి. పనికి మీ మాట కాక వారి మాట రాయండి. ‘కొబ్బరి కార్మికుడు’ అని కాకుండా దింపు తీసేవారో, వలుపు చేసేవారో వేరుచేసి రాయాలి. చెట్టెక్కే పని వేరు, గునపం పని వేరు, ఒకరి బారలో ఉన్నవి మరొకరి బారలో ఉండవు.

చివరిగా అచ్చు వేయించి ఇవ్వడం. “ఫొటో పంపిస్తాము” అని చెప్పి పంపనివారి వల్లనే తరువాత వచ్చేవారికి తలుపులు మూసుకుంటాయి. ఫోనుకు పంపితే సరిపోతుందని అనుకోకండి, ఫోను మారగానే అది పోతుంది. వారు నిటారుగా నిలబడి తీయించుకున్నది ఒకటి, పనిలో ఉన్నది ఒకటి, రెండూ కనీసం 6×8 అంగుళాల కొలతలో వేయించండి. ఫ్రేము కట్టించి ఇవ్వాలనుకుంటే అద్దానికీ ఫొటోకూ మధ్య చుట్టూ మందపాటి అట్ట అంచు పెట్టించండి. గోడలు చెమ్మగిల్లే ఈ నేలలో అట్ట లేని ఫొటో రెండు వానాకాలాలకే అద్దానికి అతుక్కుపోతుంది, తరువాత విడదీయబోతే ముఖం అద్దంతో పాటు ఊడి వస్తుంది. పెద్దవారు పోయిన ఇళ్లలో అలా అతుక్కున్న ఫొటోలను తెచ్చి బాగుచేయగలరా అని నన్ను అడిగినవారు ఉన్నారు. ఆ అట్టకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఫ్రేము కట్టే దుకాణంలో మీరే నిలబడి పెట్టించండి.